ఫుల్ వీడియో నా దగ్గరుంది

నేను మెమొరీ కార్డును. బొటనవేలి గోరంత ఉంటాను, 64 జీబీ మింగుతాను. ఫుల్ హెచ్‌డీలో తీస్తే ఐదారు గంటల బొమ్మ నా కడుపులో పడుతుంది. నాగల్‌గిద్దలో ఒక ఫొటో స్టూడియో నా కాపురం. దుకాణదారుణ్ణి ఊరంతా అన్నా అంటుంది, నేను మాలిక్ అంటాను. 1956 దాకా మా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాదే కాబట్టి మా నోట ఉర్దూ, కన్నడ, మరాఠీ తెలుగుతో కలిసే వస్తాయి.

2016 సెప్టెంబరులో దేశంలోకి జియో వచ్చింది. మరుసటి నెలలోనే మనూరు నుంచి విడిపోయి నాగల్‌గిద్ద మండలమైంది. ఈ రెంటిలో ఊరిని ఎక్కువ మార్చిందేదంటే నేను జియోకే చెయ్యెత్తుతాను. నాకు చెయ్యి లేదు, అది వేరే సంగతి.

మొదట్లో నాకు పెండ్లిళ్లే తిండి. ఎదురుకోళ్ల నుంచి అప్పగింతల దాకా, పైన బారాత్ డీజే, అన్నీ నాలోకి వచ్చేవి. వాటిని మూడు గంటలకు కుదించి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేవాడు మాలిక్. ఇప్పుడు కొత్త జంట వచ్చి, "అన్నా, ముందుగాల రీల్ ఇయ్యి, ఫుల్ వీడియో నిమ్మళంగ ఇద్దువు తీ" అంటున్నారు. పిల్ల తల్లి మాత్రం ఆ మూడు గంటల కోసమే నాలుగుసార్లు దుకాణం తొక్కుతుంది. ఆమె తమ్ముడు కట్నం చదివించిన ముక్క రీల్‌లో ఉండదు మరి.

ఈ పొట్టి వీడియోల సంత ఎలా పెరిగిందో నాకు తెలుసు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను కేంద్రం నిషేధించింది. ఆ ఖాళీలోకి జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది. సెప్టెంబరులో యూట్యూబ్ తన షార్ట్స్‌ను అందరికంటే ముందు మన దేశంలోనే పరీక్షకు పెట్టింది. మొదట్లో షార్ట్ అరవై సెకన్లు దాటకూడదు. 2024 అక్టోబరులో దాన్ని మూడు నిమిషాలకు పెంచారు. అయినా మా మాలిక్ నలభై సెకన్లు దాటనివ్వడు. మూడో సెకను లోపల పట్టుకోకపోతే చూసేవాడి బొటనవేలు పైకి తోసేస్తుందని అతని లెక్క.

కోత రెండు రకాలు. ఒకటి కంటికి కనబడేది. నాలో ఉన్నది అడ్డం బొమ్మ, ఫోనుకు కావలసింది నిలువు బొమ్మ. పదహారుకు తొమ్మిది కొలతను తొమ్మిదికి పదహారుగా చేస్తే వెడల్పులో మూడో వంతు కూడా మిగలదు. పెండ్లికొడుకు మిగులుతాడు, పక్కన గొడుగు పట్టుకున్న బావమరిది పోతాడు.

రెండో కోత కంటికి కనబడదు. గంటసేపు మాట్లాడిన మనిషి వీడియోలో ఏ ముక్క తియ్యాలో మాలిక్ విని తేల్చడు, అంత తీరిక ఎక్కడిది? తెర మీద సౌండు గీత ఎక్కడ ఎత్తుగా లేచిందో చూస్తాడు. అక్కడ నవ్వో చప్పట్లో ఉంటాయి. దాని ముందు పది సెకన్లు, వెనక ముప్పై సెకన్లు కోస్తాడు. కింద అక్షరాలు యాప్ తనంతట తానే వేస్తుంది. మా యాస దానికి అందదు, "పూత"ను "పూట" చేసి పెడుతుంది. నవ్వించే వీడియోలకు ఈ పద్ధతి చాలు. అయితే ఒక సంగతి నేను గమనించాను. మనుషులు గొప్పలు గట్టిగా చెబుతారు, షరతులు మెల్లగా చెబుతారు. షరతు దగ్గర గీత లేవదు.

ఒకసారి రైతు వేదికలో కంది మీద ఒక శాస్త్రవేత్త మాట్లాడితే మాలిక్ నాలోకి తీశాడు. కంది మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ 1972 నుంచి మా జిల్లాలోనే, పటాన్‌చెరులో ఉంది. అలాంటి చోట్ల ఏళ్ల తరబడి పొలాల్లో తేల్చిన మాటలను గంటలో చెప్పాలి ఆయన. కాయతొలుచు పురుగు గుడ్లు, చిన్న పిల్లపురుగులు కనబడినప్పుడే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె కొడితే చాలు, ఖర్చు తక్కువ అన్నారు. చప్పట్లు. తర్వాత గొంతు తగ్గించి, పురుగు పెరిగి కాయలో తల దూర్చాక అది పని చెయ్యదు, అప్పుడు వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈఓను) అడిగి మందు మార్చండి అన్నారు. గీత లేవలేదు. "కందికి యాపనూనె సాలు" అని షార్ట్ వెళ్లింది. కర్ణాటక వైపు ఔరాద్ దాకా తిరిగింది.

కొన్నాళ్లకు ఒక పెద్దాయన కందికాయలు రుమాలులో కట్టుకుని వచ్చాడు. "బిడ్డా, నీ వీడియో సూసే కొట్టిన. అన్ని బొక్కలే. సారు గట్లనే చెప్పిండా?"

మాలిక్ నన్ను అప్పటికే ఫార్మాట్ కొట్టాడు. ఇక్కడ నా జాతి రహస్యం చెప్పాలి. మామూలు ఫార్మాట్‌తో పోయేది ఫైళ్ల పట్టికే. బొమ్మలు, కొత్తవి వచ్చి మీద పడేదాకా, అలాగే ఉంటాయి. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి తవ్వితే, మొదటి సగం మీద ఒక నామకరణం కూర్చుంది గానీ పురుగు సంగతి చెప్పిన రెండో సగం దొరికింది. తాత కళ్లద్దాలు సర్దుకుని మొత్తం విన్నాడు. తిట్టలేదు. "గీ ముచ్చట ఎందుకు కోసినవ్?" అన్నాడంతే.

కొయ్యకుండా మొత్తం చూపించే ఓపిక ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. జహీరాబాద్ దిక్కున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) సంఘం ఆడవాళ్లు వాళ్లే. చాలామంది దళిత రైతులు, బడి ముఖం చూడనివాళ్లు. 2008 అక్టోబరు 15 నుంచి మాచునూరులో సంఘం రేడియో నడుపుతున్నారు. అంతకుముందే కెమెరాలు పట్టారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక వరంగల్ రైతుల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి మూడేళ్ల పంటను చిత్రించారు. ఒక్క పంటకాలంతో ఆగిపోతే వాళ్లకు దొరికేది సగమే. పంట ముచ్చటకు అంత ఓపిక కావాలని వాళ్లకు ఎవరు నేర్పారో గానీ, మా దుకాణానికి ఇంకా ఎవరూ నేర్పలేదు.

పొట్టి వీడియో మీద నాకు కోపం లేదు. గంట ఉపన్యాసం వినే ఓపిక లేని కుర్రాడు నలభై సెకన్లయినా కంది గురించి వింటున్నాడు. మాలిక్ ఇప్పుడు పంటల వీడియోలకు షరతునే మొదటి మూడు సెకన్లలో పెడుతున్నాడు, ఫుల్ వీడియో లింకు కింద ఇస్తున్నాడు. వ్యూస్ తగ్గాయని గొణుగుతాడు కూడా. తగ్గనివ్వండి.

మీకు మాత్రం ఒక మాట. కావలసిన వీడియో పొరపాటున చెరిగిపోతే, ఆ కార్డులో ఇంకొక్క ఫొటో కూడా తియ్యకండి. వెంటనే ఊడదీసి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.