కాకిబంగారం పలుకులు

ఫోనోగ్రాఫులు, గ్రామఫోనులు అనే మాట్లాడే యంత్రాల వ్యాపారం పుట్టిన కొన్నేళ్లకే దాని భట్రాజులూ పుట్టారు. బెర్లిన్‌లో 1900లో ‘ఫోనోగ్రాఫిషె జైట్‌ష్రిఫ్ట్’, లండన్‌లో 1903లో ‘టాకింగ్ మెషీన్ న్యూస్’, న్యూయార్క్‌లో 1905లో ‘టాకింగ్ మెషీన్ వరల్డ్’ అనే పత్రికలు మొదలయ్యాయి. ఇవి పాట వినేవాళ్ల కోసం కాదు, పెట్టె అమ్మేవాళ్ల కోసం. ప్రకటన ఇచ్చిన కంపెనీ సరుకే పక్క పేజీలో వార్తగానూ దర్శనమిచ్చేది. ‘ఎడిసన్ ఫోనోగ్రాఫ్ మంత్లీ’కి ఆ మాత్రం మొహమాటం కూడా లేదు. యంత్రం చేసిన కంపెనీయే పత్రికనూ అచ్చువేసి, తన పెట్టె ఎంత గొప్పదో తన డీలర్లకు నెలనెలా విన్నవించుకునేది. పిల్ల చక్కదనానికి మేనమామ సాక్ష్యమంటే ఊళ్లో నవ్వుతారు. అదే అచ్చులో పడితే పరిశోధకులు ఉటంకిస్తారు.

వీటన్నిటి పాటా ఒకటే: యంత్రం పాడితే అచ్చం మనిషి పాడినట్టే ఉంటుందని. 1915 నుంచి ఎడిసన్ కంపెనీ ఊరూరా ‘టోన్ టెస్టులు’ పెట్టింది. వేదిక మీద గాయని, పక్కన యంత్రం. దీపాలు ఆరతాయి, మళ్లీ వెలుగుతాయి. గాయని ఉండదు, పాట మాత్రం సాగుతూనే ఉంటుంది, జనం నోరు వెళ్లబెడతారు. ఆ వేదికలెక్కిన గాయని ఆనా కేస్ అసలు సంగతి ఎన్నో ఏళ్లకు బయటపెట్టింది: యంత్రానికి సరిపోయేలా తన గొంతే తగ్గించుకుని పాడేదట. మనిషిని అనుకరించడం యంత్రానికి చేతకాకపోతే, యంత్రాన్నే మనిషి చేత అనుకరింపజేయడం! దీనికీ ఒక పేటెంటు తీసుకోవలసింది.

ఇంతకీ యంత్రానికి గొంతు ఎక్కడిదంటే, పాత గ్రామఫోను సౌండ్ బాక్సు విప్పి చూస్తే చాలావాటిలో గుండ్రటి మైకా రేకు, అంటే కాకిబంగారం రేకు, ఉంటుంది. ముల్లు రికార్డు గాడిలో కదిలితే, ఆ కదలిక సన్నని కడ్డీ మీదుగా రేకు మధ్యకు చేరుతుంది. రేకు అదిరితే గాలి అదురుతుంది, పాట పుడుతుంది. రేకు పగిలినా, పొరలు విడినా గరగరే. అందుకే మచ్చలేని మైకా రేకులంటూ ప్రకటనలు. ఆ మచ్చలు ఏరిన చేతుల ప్రసక్తి వాటిలో వెతకడం దండగ. అప్పట్లో మన దేశంలో మైకాకు బీహారు తర్వాత చెప్పుకోవలసింది నెల్లూరు జిల్లానే: గూడూరు, రాపూరు తాలూకాలు, సైదాపురం, కాళిచేడు గనులు. గుంటలోంచి తీసిన దిమ్మను కత్తిమొనతో పొరపొరగా విప్పి, వెలుతురుకు పట్టి చూసి, పనికిరాని అంచు కత్తిరించి, సైజుల వారీగా వేరుచేసేది కూలీలు. వాళ్లలో ఆడవాళ్లు చాలామంది. సముద్రం దాటేసరికి ఆ సరుకు ఊరూ పేరూ పోగొట్టుకుని ‘ఇండియా మైకా’ అయిపోయేది. ఏ పెట్టెలో ఏ గని రేకు పాడిందో ఇక తేలదు. దుకాణం అద్దాల అల్మారాలో పెట్టెను ఎలా సింగారించాలో మాత్రం ఆ పత్రికలు డీలరుకు సవివరంగా బోధించాయి.

1925 చివర్లో అమెరికాలో విక్టర్ కంపెనీ ఆర్థోఫోనిక్ విక్ట్రోలా అనే కొత్త గ్రామఫోనును తెచ్చింది. అందులో అల్యూమినియం రేకు. మైకాలో మనిషి గొంతు సాక్షాత్తూ పలుకుతోందని ఇరవై ఏళ్లు ఊదరగొట్టిన వ్యాపారం, అసలైన గొంతు ఇప్పుడే వినబడుతోందని కొత్త డప్పు అందుకుంది. మరి ఇన్నాళ్లూ వినబడింది ఎవరి గొంతని అడిగే తీరిక డీలర్లకు ఉండి ఉండదు. పాత నమూనాలను విక్టర్ సగం ధరకు వదిలించుకున్నదీ ఆ ఏడే.