బుడమేరుకు చదువు రాదు

పూర్వం ఊరికి కాలువ కావాలంటే మేస్త్రీ వచ్చేవాడు. పురికొస లాగి, సున్నంతో గీత గీసి, కూలీల చేతికి పార ఇచ్చేవాడు. ఇప్పుడు అలా కుదరదు. ముందు పర్యావరణ ఇంజనీరింగ్ సేవల కన్సల్టెన్సీ రావాలి. డ్రోన్ ఎగరేయాలి. డ్రోన్ తీసిన ఫొటోలను కమిషనర్ గారి ఏసీ గదిలో తెర మీద చూపించాలి. ఆపైన డీపీఆర్, అంటే సమగ్ర ప్రాజెక్టు నివేదిక, పుట్టాలి. అది పుట్టిందంటే ఇక భయం లేదు. ఊరు మునిగినా డీపీఆర్ మునగదు. దాన్ని పెట్టేది బీరువా పై అరలో కదా!

అంతా సవ్యంగానే ఉంది గానీ ఒక్కటే చిక్కు. బుడమేరుకు చదువు రాదు.

మైలవరం కొండల్లో పుట్టే ఈ వాగు సహజంగా బెజవాడ పక్కనుంచి కొల్లేరుకు పోవాలి. వరదొస్తే ఊరు మునుగుతుందని పెద్దలు వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టారు. అక్కడి నుంచి డైవర్షన్ కాలువ తవ్వి కవులూరు, కొండపల్లి శాంతినగర్, ఇబ్రహీంపట్నం మీదుగా కృష్ణలోకి మళ్లించారు. మంచి ఆలోచనే. పోలవరం కుడి కాలువ నీళ్లకూ తరవాత ఇదే దారి చూపించారు. 2015 నుంచి పట్టిసీమ గోదావరి కూడా ఇందులోంచే వచ్చి కృష్ణమ్మను పలకరిస్తోంది. ఉన్న ఒక్క కాలువకే అన్ని పనులూ అప్పగించడంలో మనవాళ్ల పొదుపు మెచ్చుకోదగ్గది.

అయితే ఈ కాలువ కృష్ణలో కలిసేది ప్రకాశం బ్యారేజీకి ఎగువన. కృష్ణే నిండుగా ఉన్న రోజున ఈ నీళ్లెక్కడికి పోవాలి? 2024 సెప్టెంబర్ మొదటి రెండు రోజుల్లో దీనికి జవాబు దొరికింది. బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, చరిత్రలోనే రికార్డు. అటు నది తోస్తోంది, ఇటు కొండల నుంచి వాగు తోస్తోంది. మధ్యలో కాలువ గట్టు ఎవరి మాట వింటుంది? మూడు చోట్ల తెగింది. సింగ్‌నగర్‌లో జనం మేడల మీదికెక్కి పాలప్యాకెట్ల కోసం పడవల వైపు చేతులు చాచారు. బుడమేరు తన పాత దారి పట్టింది. ఆ దారిలో లేఅవుట్లు వేసి, పన్నులు కట్టించుకుని, కరెంటు మీటర్లు బిగించినట్టు దానికెవరూ నోటీసు ఇవ్వలేదు.

గండ్లు పూడ్చడానికి మంత్రి నిమ్మల రామానాయుడు గట్టు మీదే మకాం వేశారు. ఆర్మీ వచ్చింది. ఇనుప వలల బుట్టల్లో రాళ్లు నింపి, ఏడో తేదీకి మూడో గండి పూడ్చారు. మంత్రి గట్టు మీద ఉంటే పని అవుతుందని దీంతో రుజువైంది కాబట్టి, రాష్ట్రంలో కాలువకో మంత్రి చొప్పున కేటాయిస్తే కన్సల్టెన్సీ ఫీజులు కలిసొస్తాయి. ఆర్థికశాఖ ఆలోచించాలి.

2005 వరద తరవాత ఆపరేషన్ బుడమేరు అన్నారు. 2024 వరద తరవాత కూడా ఆపరేషన్ బుడమేరే అన్నారు. పంతొమ్మిదేళ్లకి రోగి అదే బల్ల మీద ఉన్నాడు, సర్జన్లే మారారు. ఈలోగా బెజవాడలో వాననీటి కాలువలకని కేంద్రం 461 కోట్లు ఇచ్చింది. ఆ పనులు సగంలో ఆగాయి. వాన మాత్రం సగంలో ఆగలేదు.

ఇక మా కొండపల్లి సంగతి. 2021లో కొండపల్లి, ఇబ్రహీంపట్నం పంచాయతీలను కలిపి మునిసిపాలిటీ చేశారు. 29 వార్డులు. ఎన్నిక పెడితే రెండు పార్టీలకూ చెరి 14, మధ్యలో ఒక స్వతంత్రుడు. చైర్మన్ పంచాయితీ హైకోర్టుకెక్కి, ఫలితం ఏళ్ల తరబడి బయటికి రాలేదు. కుర్చీలో కూర్చునేది ఎవరో అన్నాళ్లు తేలని ఊళ్లో కాలువకు వాలు ఎటో తేలలేదని ఎవరు ఎవరిని అడుగుతారు?

పక్కనే నార్ల తాతారావు థర్మల్ కేంద్రం. 1979 నుంచి రాష్ట్రానికి వెలుగిస్తోంది, మాకు బూడిదనిస్తోంది. పుట్టిన బూడిదనంతా వాడెయ్యాల్సిందేనని, మిగిల్చినవాళ్లు టన్నుకు వెయ్యి రూపాయలు కట్టాలని కేంద్రం 2021 డిసెంబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. నోటిఫికేషన్ ఢిల్లీలో ఉంది, బూడిద దండెం మీద ఆరేసిన పంచె మీద ఉంది. లారీ మీద టార్పాలిన్ కప్పమంటే కప్పుతారు, కాకపోతే ముందు సగమే. బూడిద ఎగిరేది వెనకసగం నుంచి. దుమ్ము లేవకుండా రోడ్డు మీద నీళ్లు చల్లిస్తే ఎండకి అరగంటలో ఆరిపోతాయి. బూడిదలో పోసిన పన్నీరన్నది మిగతా ఊళ్లకు సామెత.

అన్నిటికన్నా నాకు ముచ్చటైంది పూడికతీత. వానాకాలం ముందు నలుగురు కార్మికులు వస్తారు. చేతికి గ్లవ్స్ ఉండవు, పలుగూ పారా ఉంటాయి. మోకాలి లోతు దిగి, నల్లటి బురద, కొబ్బరి చిప్పలు, పాలిథిన్ సంచులు, ఒకోసారి చెప్పు కూడా, గమేళాలతో ఎత్తి కాలువ ఒడ్డునే గుట్టలు పోస్తారు. వాళ్ల తప్పేం లేదు, లారీ రేపొస్తుందని చెప్పి ఉంటారు. రేపు వానొస్తుంది. గుట్ట జారి ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పోతుంది. మళ్లీ పూడిక, మళ్లీ అంచనా, మళ్లీ బిల్లు. ఒకే బురదకు ఇన్నిసార్లు డబ్బు పుట్టించే ఈ విద్య పక్క దేశాలకు నేర్పితే విదేశీ మారకద్రవ్యం వస్తుంది.

కొత్త కన్సల్టెన్సీ వారు వస్తే కాదనం. రండి, డ్రోన్ ఎగరేయండి, కాఫీ మేమే ఇస్తాం. కాకపోతే వెళ్లేముందు ఒక్కసారి వెలగలేరు నుంచి కృష్ణ దాకా గట్టు మీద నడవండి. ఇక పాఠకులారా, మీ వీధి కాలువలో ఈసారి పూడిక తీస్తున్నప్పుడు, ఆ మట్టిని ఏ లారీలో, ఏ రోజు ఎత్తిస్తారో శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారిని అక్కడే నిలబెట్టి అడగండి. లారీ వచ్చేదాకా కదలకండి.