సున్నా వోల్టు గ్రౌండు వారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ గ్రౌండు వారి దివ్య సముఖమునకు,

బళ్లారిలో పాటల బోర్డులు బిగించుకుని బతికేవాడి విన్నపం.

అయ్యా, సర్క్యూటులో ఏ వోల్టేజీ ఎంతో తేల్చాలన్నా తమరి నుంచే కొలవాలి. బొమ్మలో మూడు అడ్డగీతలు గీసి, ఎక్కడున్నా తమరు ఒక్కరే, ఎక్కడున్నా సున్నాయే అంటాయి పుస్తకాలు. మరి గుడి మైకుసెట్టులో యూఎస్‌బీ గుచ్చితే, పాట ఇంకా ఎత్తుకోకముందే స్పీకర్లోంచి గుంయ్యిమనేది ఎవరు? తమరు కాదూ?

జనం తిట్టేది మాత్రం చిప్పును. ఫిన్లాండులో టాంపెరె ఊరి వీఎల్ఎస్ఐ సొల్యూషన్ వారి వీఎస్1053నే చూడండి. ఎంపీ3 గానీ ఏఏసీ గానీ ఓగ్ వోర్బిస్ గానీ, ఏ పాట పెట్టినా విప్పి, అనలాగుగా మార్చి, కుడి ఎడమ కాళ్ల మీద పెడుతుంది. దాని పని అది శుభ్రంగానే చేస్తుంది. రభసంతా ఆ కాళ్ల నుంచి ఆంప్లిఫయరు దాకా ఉన్న జానెడు దారిలో. అక్కడ పడాల్సిన కండెన్సర్లు, రెసిస్టెన్సులు ఒక టీ ఖర్చు. బోర్డు చేసేవాడు మిగుల్చుకునేదీ అక్కడే.

తమరికి కోపం రాకపోతే ఒక మాట. ఆ చిప్పు తమరి సున్నాను ఒప్పుకోదు. ఒంటి సప్లై మీద నడిచేది, సున్నాకు కిందికి దిగలేదు; పాట అలకేమో పైకీ కిందికీ చోటు కావాలి. అందుకని 1.23 వోల్టుల దగ్గర తన సొంత సున్నా పెట్టుకుని, పాటను దాని చుట్టూ ఊపుతుంది. ఆ వోల్టేజీనే జీబఫ్ అనే కాలి మీద బయటికీ ఇస్తుంది. ఇయర్‌ఫోను ఉమ్మడి తీగ దానికి కలిపితే రెండు కొసల్లోనూ అదే 1.23, కాబట్టి డీసీ పారదు, కండెన్సరు అక్కర్లేదు. కానీ అదే సాకెట్లో ఆంప్లిఫయరు జాకు పెట్టారో, జీబఫ్ నేరుగా తమరి మీద పడుతుంది. ఎట్టి పరిస్థితిలోనూ అలా కలపొద్దని డేటాషీటు మొత్తుకుంటూనే ఉంది. డేటాషీటు చదివేదెవరు లెండి!

రెండు సున్నాల మధ్య బతకడం మా జిల్లాకు కొత్తేమీ కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి. బళ్లారి తాలూకా సంగతి జస్టిస్ మిశ్రా గారి విచారణ దాకా వెళ్లి, చివరికి మైసూరు రాష్ట్రానికి దక్కింది. పొలాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి, పెళ్లిళ్లకూ నాటకాలకూ మాత్రం మనుషులు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. కప్లింగ్ కండెన్సరు అచ్చం అలాంటి హద్దే. కూర్చున్న 1.23ను ఆపుతుంది, ఊగే పాటను పోనిస్తుంది.

అయితే సైజు తగ్గితే పాటకూ కోత పడుతుంది. 10 మైక్రోఫారడ్ల కండెన్సరు ముందు 10 కిలో ఓముల ఆంప్లిఫయరు ఉంటే, 1.6 హెర్ట్జ్ దాకా ఇబ్బంది లేదు. అదే కండెన్సరుకు 32 ఓముల ఇయర్‌ఫోను తగిలిస్తే 500 హెర్ట్జ్ దగ్గర్నుంచే కిందిదంతా జారిపోతుంది. తబలాలో ఎడమ చెయ్యి పోయినట్టే. 220 మైక్రోఫారడ్లు వేస్తే 23 హెర్ట్జ్‌కు దిగుతుంది. ప్లస్సు కాలు చిప్పు వైపు ఉండాలి. కండెన్సరు దాటాక తమరి దగ్గరికి ఒక రెసిస్టెన్సు వేయకపోతే, జాకు పెట్టినప్పుడల్లా టప్పుమంటుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి పీసీఎం5102ఏ వంటి చిప్పులు లోపలే మైనస్ వోల్టేజీ తయారు చేసుకుని తమరి సున్నా చుట్టూనే పాడతాయి. వాటికి కండెన్సరు హద్దు లేదు, పై రొద వడపోయడానికి 470 ఓములూ 2.2 నానోఫారడ్లూ చాలు. తమరి భక్తులంటే అవీ!

ఇక అసలు ఫిర్యాదు. బోర్డుకూ ఆంప్లిఫయరుకూ కలిపి సన్నటి గ్రౌండు తీగ ఒక్కటే లాగుతారు. దాని నిరోధం 50 మిల్లీ ఓములు, అందులో తిరిగి వెళ్లే ఆంప్లిఫయరు కరెంటు ఒక ఆంపియరు అనుకోండి. ఆ కొసకూ ఈ కొసకూ తమరిలో 50 మిల్లీవోల్టుల తేడా. పాటే అర వోల్టు ఉన్నచోట పదో వంతు తమరి సంగీతమే! సున్నా అని పేరు పెట్టుకుని ఇదేం పని?

మా ఊళ్లో జీన్సు కుట్టే మిషన్ల మోటార్ల రొద చాలదన్నట్టు, నాటకం రోజున ఎవరో లాప్‌టాప్ తెచ్చి మిక్సరుకు తగిలిస్తారు. రెండు ఎర్తులు కలిసి 50 హెర్ట్జ్ హమ్ము మొదలు. ఎండాకాలం ఎర్తు గొయ్యి ఎండిపోయి, ఉప్పూ బొగ్గూ ఉన్నా నీళ్లు పోసే నాథుడుండడు. కొందరు పెద్దమనుషులు ప్లగ్గు మూడో పిన్ను పీకేసి, హమ్ము పోయిందని చప్పట్లు కొడతారు. పోయేది హమ్ము ఒక్కటే కాదు, షాకు కొడితే మనిషి కూడా. సిగ్నల్ దారిలో ఒకటికి ఒకటి ఆడియో ట్రాన్స్‌ఫార్మరు వేస్తే పిన్ను జోలికి పోకుండానే హమ్ము తెగుతుంది. రంగస్థలం మీద మాటను మాటలా పలకమన్న బళ్లారి రాఘవ గారి ఊరండీ ఇది. ఇక్కడ డైలాగు వెనక గుంయ్యిమంటే ప్రేక్షకులు ఊరుకోరు.

కాబట్టి తమరు ఊరంతా తిరగడం మానేసి, సప్లై కండెన్సరు మైనస్ కాలి దగ్గర ఒక్కచోటే కొలువుండాలి. చిప్పు వాపసు తీగ ఒకటి, ఆంప్లిఫయరుది ఒకటి, దేనికది వేరే దారిన తమరి దర్శనానికి వస్తాయి. దీనికి తమరు ఒప్పుకుంటే సరే. లేకపోతే సాల్డరింగు ఐరన్ వేడెక్కే ఉంది.

ఇట్లు,
తమరి విధేయుడు,
బళ్లారి