మెనూ చేత దాగుడుమూతలు ఆడించే విధానం

ఆరిజోనాలోని చాండ్లర్‌లో జూన్ మధ్యాహ్నం ఎండ 43 డిగ్రీలు దాటాక బయటికి వెళ్లే పని ఎలాగూ ఉండదు. ఏసీ కింద కూర్చుని పాత వెబ్‌సైట్‌ని ఇంకాస్త పాడుచేయడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం లేదు.

కావలసినవి: జేక్వెరీ లైబ్రరీ (2006లో జాన్ రెసిగ్ బయటపెట్టిన సరుకు, ఊరగాయలాగా ఇంకా నిలవుంది), ఒక మెనూ. మౌస్ పెడితే స్లైడ్‌డౌన్, తీస్తే స్లైడప్. వేగం 'స్లో' అని రాయండి, అంటే 600 మిల్లీసెకన్లు. ఇప్పుడు మౌస్‌ని దానిమీదుగా ఐదుసార్లు గబగబా ఊపి చెయ్యి తీసేయండి. పది ఆజ్ఞలూ క్యూలో నిలబడతాయి. మీరు కాఫీ గుటక వేసేలోగా, ముట్టుకునేవాళ్లు లేకపోయినా, మెనూ దాదాపు ఆరు సెకన్లు పూనకం వచ్చినట్టు ఊగుతుంది.

నేరం లైబ్రరీ మీదికి తోయాలని చూస్తారు గానీ అది కాస్త కష్టం. దాగి ఉన్నదాన్ని మళ్లీ ఫేడౌట్ చేయమంటే జేక్వెరీ ఆ పని పెట్టుకోదు. దాని జబ్బల్లా అతివిధేయత. జమీందారు గుమాస్తాలాగా, అయ్యగారు మనసు మార్చుకున్న సంగతి పట్టించుకోకుండా పాత ఆజ్ఞలన్నీ వరసగా అమలు చేస్తుంది.

తెలివైనవాళ్లకి ఇంకో దారి ఉంది. 'ఇప్పటికే కనబడుతోందా?' అని ఒక ఇఫ్ పెట్టండి, కనబడుతుంటే తెరవక్కర్లేదు. సగం మూసుకున్న మెనూ కూడా జేక్వెరీ లెక్కలో కనబడుతున్నదే. మౌస్ మీదే ఉండగా మెనూ మీ కళ్లముందే మాయమైపోతుంది. కష్టపడి రాసిన తప్పు కాబట్టి రెట్టింపు తృప్తి.

స్లైడ్‌డౌన్‌కీ స్లైడప్‌కీ ముందు స్టాప్(ట్రూ, ట్రూ) మాత్రం పొరపాటున కూడా పెట్టకండి. మొదటి ట్రూ క్యూని ఊడ్చేస్తుంది, రెండోది నడుస్తున్న ఆటని చివరికి చేర్చేస్తుంది. 2013లో 1.9 వెర్షన్‌తో వచ్చిన ఫినిష్ అయితే క్యూలో ఉన్నవాటిని కూడా ఒక్క దెబ్బన ముగిస్తుంది. ఇక రేపు స్టాండప్‌లో ఏం చెప్పుకుంటారు?

దానికి బదులు బగ్‌ని హైదరాబాద్ పంపండి. ఆరిజోనాలో మనం గడియారాలు తిప్పం కాబట్టి ఏడాది పొడుగునా పన్నెండున్నర గంటల తేడానే. ఇక్కడ సాయంత్రం ఆరైతే అక్కడ తెల్లారి ఆరున్నర. వాళ్లు లేచి అదే మెనూకి ఇంకో హోవర్ తగిలిస్తారు.

మొన్న ఇండియన్ స్టోర్ నుంచి బియ్యం బస్తాతో వచ్చి, తొందరలో గ్యారేజీ రిమోట్ రెండుసార్లు నొక్కాను. తలుపు సగంలో ఆగిపోయింది. మళ్లీ నొక్కితే కిందికి దిగింది. క్యూ అన్నదే తెలియని మోటు యంత్రం! ఆ ఎండలో కారులోనే కూర్చుని, ఈసారి ఒక్కసారే నొక్కాను.