పది సెకన్ల ముచ్చట

డ్రాగ్ రేసుకి కావలసింది తిన్నటి రోడ్డు ఒక్కటే. పావు మైలు, అంటే 1,320 అడుగులు. మలుపు లేదు, మిట్ట లేదు, హారన్ కొట్టే పని అసలే లేదు. ఇంత తేలికైన ఆటకి సొంతంగా కారు తయారు చేసుకోవాలంటే ఎంతవుతుందని అమెరికాలో ఏ గ్యారేజీలో అడిగినా ముందు ఒక అంకె చెబుతారు, తర్వాత నవ్వుతారు. అంకెని కాదు, ఆ నవ్వుని లెక్కలోకి తీసుకోవాలి.

ఈ ఆటలో రెండు పక్షాలున్నాయి. ఒకటి మజిల్ కార్లది: ముందు పెద్ద వీ8 ఇంజన్, తోసేది వెనక చక్రాలు. రెండోది హోండా సివిక్ లాంటి దిగుమతి బుల్లి కార్లది: నాలుగు సిలిండర్లు, లాగేది ముందు చక్రాలు. 2001లో ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ సినిమా వచ్చాక రెండో పక్షానికి జనం పెరిగారు. పావు మైలుని పది సెకన్లలో దాటే కారు కావాలన్న కోరిక అప్పటిదాకా మెకానిక్కులకే ఉండేది, ఆ తర్వాత కాలేజీ కుర్రాళ్లకీ అంటుకుంది.

మజిల్ కారు పుట్టిందే చవక కోసం అంటే ఇవాళ ఎవరూ నమ్మరు. ప్లిమత్ కంపెనీ 1968 మోడల్‌గా రోడ్ రన్నర్‌ని తెచ్చినప్పుడు ధర మూడు వేల డాలర్ల లోపు ఉండాలని, పావు మైలు 14 సెకన్లలో కొట్టాలని పట్టుబట్టింది. పొదుపు కోసం లోపల తివాచీ కూడా పరవలేదు. కార్టూన్ పక్షి పేరూ బొమ్మా వాడుకున్నందుకు మాత్రం వార్నర్ బ్రదర్స్‌కి 50,000 డాలర్లు సమర్పించుకుంది. అదే ప్లిమత్ వారి 1971 హెమీ కుడా కన్వర్టిబుల్ ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. దాన్ని తీసుకెళ్లి టైర్లు కాల్చే మగాడు ఇంకా పుట్టలేదు.

అందుకే జేబు చూసుకునేవాడు 1979–93 నడుమ వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ దగ్గర ఆగుతాడు. వీ8 రకానికి పక్కన 5.0 అని బిళ్ల ఉంటుంది. కొలిస్తే అది 4,942 సీసీ, అంటే 4.9. బడ్జెట్‌లో సర్దుబాట్లు కంపెనీ దగ్గరే మొదలయ్యాయన్నమాట.

ఇక లెక్క. పాత రేసర్ల సూత్రం ప్రకారం పరుగు సమయం బరువుకీ శక్తికీ ఉన్న నిష్పత్తి ఘనమూలాన్ని బట్టి మారుతుంది. దీని భావమేమిటంటే 14 సెకన్ల కారుని పదికి దించాలంటే శక్తి దాదాపు 2.7 రెట్లు పెరగాలి. డ్రైవర్‌తో కలిపి 1,450 కిలోలుండే మస్టాంగ్ పది సెకన్లలో గీత దాటాలంటే 630 హార్స్‌పవర్ దాకా అవసరం. లోపలి సామానంతా ఊడబెరికి 1,000 కిలోలకి తెచ్చిన సివిక్‌కి 435 చాలు. ఇది చూడగానే సివిక్ పక్షంవాళ్లు కాలర్ ఎగరేస్తారు. తొందరపడకూడదు. మస్టాంగ్‌కి కంపెనీ ఇచ్చినది 225, సివిక్ వాళ్లు మోజుపడే 1.6 లీటర్ల బీ16 ఇంజన్‌కి 160. భాగించి చూస్తే ఇద్దరూ ఎక్కాల్సిన మెట్లు ఇంచుమించు అన్నే.

కౌపీన సంరక్షణార్థం పిల్లిని, పిల్లి పాల కోసం ఆవుని తెచ్చుకున్న సన్యాసి కథ ఇక్కణ్ణుంచి మొదలవుతుంది. సివిక్‌కి టర్బో బిగిస్తారు. ఆ ఒత్తిడికి అల్యూమినియం బ్లాకు ఆగదు కనుక సిలిండర్లకు స్లీవులు, పిస్టన్లకు గట్టి రాడ్లు. ఇంజన్ నిలబడింది కనుక క్లచ్ జారుతుంది. క్లచ్ పట్టింది కనుక యాక్సిల్ విరుగుతుంది. మస్టాంగ్ గతీ మెరుగు కాదు. దాని పాత బ్లాకు 500 హార్స్‌పవర్ దాటితే నిలువునా రెండుగా చీలుతుందని పేరు పడింది. ఆ భయంతో చాలామంది తుక్కు దుకాణానికి పోయి, 1999 నుంచి షెవర్లే సిల్వరాడో ట్రక్కుల్లో వచ్చిన 5.3 లీటర్ల ఇనప బ్లాకు ఇంజన్ తెచ్చి పెట్టుకుంటారు. ఫోర్డ్ కడుపులో షెవర్లే గుండె! ఫోర్డ్ వీరాభిమానులు దీన్ని మతాంతర వివాహంలా చూస్తారు. పెట్టుబడికి వచ్చే శక్తి చూస్తే మాత్రం దీనికి సాటి లేదు.

సివిక్ అసలు కష్టం ప్రకృతి పెట్టింది. కారు ఒక్కసారిగా ముందుకు దూకితే బరువు వెనక్కి వాలుతుంది. మస్టాంగ్‌కి అది వరం, వెనక టైర్లు రోడ్డుని కరుచుకుంటాయి. సివిక్‌లో మాత్రం లాగాల్సిన ముందు టైర్లు తేలికై, పొగ కక్కుతూ నిలబడ్డచోటే తిరుగుతాయి. అందుకే ఆ కార్లను దగ్గరగా చూస్తే అంతా తలకిందులు: లావు స్లిక్ టైర్లు ముందు, సన్నవి వెనక. మజిల్ కారుకి మూతి మరీ పైకి లేవకుండా వెనక వీలీ బార్ కడతారు. సివిక్‌కీ అదే బార్ కడతారు, పిరుదులు కిందికి కుంగకుండా. తొలి 60 అడుగుల్లో పోగొట్టుకున్న సమయాన్ని మిగతా 1,260 అడుగుల్లో తిరిగి తెచ్చుకోవాలంటే మళ్లీ హార్స్‌పవరే కొనాలి.

ఇంతా చేసి రేసు స్ట్రిప్‌కి వెళితే అక్కడ రూలు పుస్తకం పట్టుకుని తనిఖీదారు ఉంటాడు. డ్రాగ్ రేసుల సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల ప్రకారం ఈ పాత కార్లు 13.99 సెకన్లు, అంతకన్నా వేగంగా పోతే హెల్మెట్ ఉండాలి. 11.49కి వస్తే పల్టీ కొట్టినా తల కాపాడే రోల్ బార్, 9.99కి వస్తే పూర్తి రోల్ కేజ్, దానికి తోడు డ్రైవర్‌కి పోటీ లైసెన్సు. రేసు బెల్టు మీద చిన్న చీటీ, అందులో తయారీ తేదీ. తనిఖీదారు వేలితో దాన్ని తిప్పి చూస్తాడు. రెండేళ్లు దాటితే, పెట్టెలోంచి తీయని బెల్టయినా సరే, మందుషాపులో కాలం చెల్లిన మాత్రలాగా పక్కన పెట్టాల్సిందే. వేగం పెరిగేకొద్దీ డబ్బు ఇంజన్‌కి కాకుండా ప్రాణానికి పోతుంది. బడ్జెట్ కాగితంలో ఈ వరస ఎవరూ రాయరు. రాస్తే ఇంట్లో అనుమతి దొరకదు.

పొదుపుగా చేసేవాళ్లు లేరని కాదు. గ్రాస్‌రూట్స్ మోటార్‌స్పోర్ట్స్ పత్రిక ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌లో నడిపే పోటీలో కారు మొత్తం ఖర్చు దాదాపు రెండు వేల డాలర్లు దాటకూడదు. ఊడదీసిన భాగాలు అమ్మితే వచ్చిన సొమ్ముని కొంతమేరకు ఖర్చులోంచి తీసేసుకోవచ్చు. డ్రాగ్ పరుగుతో పాటు మలుపుల పరుగైన ఆటోక్రాస్‌కీ, ముస్తాబుకీ కూడా మార్కులుంటాయి. కారు కన్నా దాని జమాఖర్చుల పుస్తకం చూడముచ్చటగా ఉంటుంది.

అంత ఓపిక లేనివాడికి బ్రాకెట్ రేసింగ్ ఉంది. తన కారు ఎన్ని సెకన్లలో గీత దాటుతుందో డ్రైవర్ ముందే అద్దం మీద రాసుకుంటాడు. నెమ్మది కారుకి ఆ తేడా మేరకు ముందుగా పచ్చదీపం వెలుగుతుంది. రాసిన సమయం కన్నా వేగంగా వెళ్లినవాడు మామూలుగా ఓడినట్టే. ఇందులో డబ్బు కన్నా నిలకడ గెలుస్తుంది. 15 సెకన్ల డొక్కు సివిక్ పది సెకన్ల మస్టాంగ్‌ని ఓడించి దర్జాగా ఇంటికి పోవచ్చు.

కాబట్టి తీర్పు ఇది. పది సెకన్లే కావాలని మంకుపట్టు పట్టినవాడు మస్టాంగ్, తుక్కు ట్రక్కు ఇంజన్ చూసుకోవడం మేలు. ఇంటిముందు సివిక్ ఉన్నవాడు టర్బో జోలికి పోకుండా మంచి టైర్లు వేసుకుని బ్రాకెట్‌లో దిగితే చాలు. మస్టాంగ్‌వాడు 11.50 దగ్గర ఆగగలిగితే రోల్ బార్ ఖర్చు కూడా తప్పుతుంది. హెల్మెట్ మాత్రం కొనాల్సిందే.