గూటి నీడన: ఒక వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: మూడు చక్రాల మీద, గూటిలో పడుకుని, కాళ్ళు ముందుకు చాచి, అనంతపురం ఎండలో తొక్కవలెను.

అవతారిక: మూలం ఒక్క వాక్యమే. కర్త పేరు చెప్పుకోలేదు. చెప్పుకుని ఉంటే వెల్డింగు షాపువాళ్ళు బాకీకి ఇంటికొచ్చేవారు. వెలోమొబైల్ అంటే పడుకుని తొక్కే మూడు చక్రాల సైకిలు, దాని చుట్టూ ఒక చిప్ప. దాన్ని ఇంటి పెరట్లోనే కట్టుకోవాలనుకునేవాడికి ఈ వాక్యమే సూత్రం. కోలాచల మల్లినాథసూరి వ్యాఖ్యానానికి దిగుతూ రెండు మాటలిచ్చాడు: ఆధారం లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని. ఈ టీకాకారుడు మొదటిదానికి కట్టుబడతాడు. రెండోది సైకిలు షాపు బల్ల మీద కూర్చున్నవాడెవడికీ సాధ్యం కాదు. ఇక ఛందస్సు: వచనం. చక్రాలు మూడే గనుక నాలుగు పాదాలు కుదరలేదు.

మూడు చక్రాల మీద = ముందు రెండు, వెనక ఒకటి అని గ్రహించాలి. ఆటోలోనూ, దివ్యాంగులు చేత్తో తిప్పుకునే బండిలోనూ ముందు ఒకటి, వెనక రెండు కదా అంటే, ఆ అమరికలోనే చిక్కుంది. మలుపులో బ్రేకు వేస్తే బరువు ముందుకీ బయటికీ తూలుతుంది. ఆటోకు ఆ మూల ఆసరాగా చక్రం ఉండదు, ఒరుగుతుంది. రెండు చక్రాలు ముందుంటే ఆ బరువును ఒకటి కాచుకుంటుంది. పాశ్చాత్యులు ఈ ఆకారాన్ని తోకకప్ప అంటారు.

కష్టం ఇక్కడే మొదలవుతుంది. సైకిలు చక్రాన్ని ఫోర్కు రెండు వైపులా పట్టుకుంటుంది. ఇందులో ముందు చక్రాలను వీల్‌చెయిర్ చక్రాల్లాగా ఒక పక్క నుంచే పట్టాలి. సైకిలు ఇరుసు అందుకు చాలదు, వంగుతుంది. లేత్ దగ్గర లావుపాటిది తిప్పించుకోవాలి. పైగా మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం బయటి దానికన్నా ఎక్కువ కోణంలో పక్కకు తిరగాలి. గుర్రపు బండ్ల కాలంలోనే, 1818లో, లండన్‌లో ఆకర్‌మన్ పేరిట పేటెంటు పొందిన సూత్రమిది. రెండు స్టీరింగు చేతులకూ దారం కట్టి వెనక్కి లాగితే, ఆ రెండు దారాలూ వెనక ఇరుసు నడుమ కలవాలి. కలవకపోతే టైర్లు రోడ్డుకు రాసుకుని, పెన్సిలు రబ్బరులాగా నెలలోనే అరుగుతాయి.

పడుకుని = నడుము వాల్చి అని అర్థం, నిద్రపోయి అని కాదు. పడుకున్న మనిషిని మోసుకెళ్ళే సాధనం ఊరికి ఒక్కటే ఎరుక గనుక, మొదటిసారి చూసినవాడు "ఏమప్పా, ఎవురికేమైంది?" అని ఆగుతాడు. సీటుకు స్పంజి వాడకూడదు. పైపు చట్రానికి నవారు అల్లాలి. నవారు మంచం మీద ఎండాకాలం పడుకున్నవాడికి కారణం చెప్పనక్కరలేదు, వీపుకు గాలి ఆడుతుంది.

పడుకుంటే బలమెక్కడ వస్తుంది అని పూర్వపక్షం. ఫ్రాన్సులో షార్ల్ మోషే, కొడుకుకు సైకిలు ప్రమాదమని పెడళ్ళ బండి చేసిచ్చాడు. ఆ పిల్లాడు తోటి సైకిళ్ళను దాటేశాడు. తర్వాత మోషే చేసిన పడుకునే సైకిలు మీద ఫ్రాన్సిస్ ఫోర్ 1933 జులై 7న గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కాడు. 1914 నుంచి చెక్కుచెదరని రికార్డు అలా పోయింది. పోయాక ఏం చేశారు? 1934లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య అసలు సైకిలంటే ఏమిటో కొత్తగా నిర్వచించి, పడుకునేవాటిని పందెం బయట పెట్టింది. వాదంలో ఓడినవాడు నిఘంటువు మార్చడమంటే ఇదే. గెలుపు బలానిది కాదు, గాలి అడ్డు తగ్గడానిది. వేగం రెండింతలైతే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది.

కాళ్ళు ముందుకు చాచి = ధర్మవరం గుంట మగ్గంలో కూర్చున్న నేతగాడిని తలచుకుంటే చాలు. పెడళ్ళు ముందు, నడిచే చక్రం వెనక. మధ్య దూరానికి దాదాపు మూడు సైకిళ్ళ చైన్లు అతకాలి.

గూటిలో = ఇది గ్రంథిస్థలం. మన ఎద్దుబండికీ గూడుంది, తడక వంచి కట్టినది. డచ్చివారి ఆలెవెడర్ బండికీ గూడుంది, అల్యూమినియం రేకులు రివెట్లతో కుట్టినది. ఆ పేరుకు వాళ్ళ భాషలో అన్ని వాతావరణాలూ అని అర్థం. అన్నీ అన్నారు గానీ వాళ్ళ మనసులో ఉన్నది వానే; అక్కడ ఏటా 800 మిల్లీమీటర్ల పైచిలుకు, అదీ పన్నెండు నెలలూ పరుచుకుని పడుతుంది. అనంతపురానికి 550 అటూ ఇటూ. నైరుతి మబ్బు పడమటి కనుమల దగ్గరే ఖాళీ అవుతుంది, ఈశాన్యపు మబ్బు ఇక్కడికొచ్చేసరికి అలసిపోతుంది. వానకు దాక్కునే గూడు ఇక్కడ ఎవరిక్కావాలి?

ఆకారం విషయంలో తెలుగువాడికి పరాయి గురువు అక్కర్లేదు. 2005లో 41 అడుగుల పైచిలుకు ఎత్తున మూడు చక్రాల సైకిలు కట్టి గిన్నిస్‌లోకెక్కిన కె. సుధాకర్, 2010లో హైదరాబాదు బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం తెరిచారు. అందులో బూటు కారుంది, కెమెరా కారుంది, వంకాయ కారుంది. ఈ టీకాకారుడి ఓటు వంకాయకే: అడుగు ముందుకు, తొడిమ వెనక్కి. ముందు గుండ్రంగా ఉండి వెనక్కి సన్నబడే రూపాన్ని గాలి తగువాడకుండా వదిలిపెడుతుంది. శెనక్కాయ మాత్రం పనికిరాదు, నడుము దగ్గర నొక్కు.

రేకు బరువు, ఫైబరు ఖరీదు. ఇంట్లో కట్టేవాడికి దొరికే దివ్యపదార్థం సన్‌ప్యాక్ షీటు. రెండు ప్లాస్టిక్ పొరలు, నడుమ సన్నని గొట్టాలు. ఎన్నికలప్పుడు స్తంభాలకు కట్టే బోర్డులవే. గొట్టాల వెంబడి ఇట్టే వంగుతుంది. అడ్డంగా వంచాలంటే ఒక పొరను బ్లేడుతో గీయాలి. అతుకులకు కేబుల్ టైలు. ఓట్లు లెక్కపెట్టిన మర్నాడు సరుకు ఉచితం. బండి ముక్కు మీద అభ్యర్థి చేతులు జోడించి నవ్వుతున్నా గాలికి అభ్యంతరం లేదు.

అనంతపురం ఎండలో = ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో. మనిషి తిన్నదాంట్లో నాలుగో వంతు మించి పెడలుకు చేరదు. కాళ్ళు 100 వాట్లిస్తుంటే ఒళ్ళు మరో 300 వాట్ల వేడి కక్కుతుంది. మూసిన గూట్లో మూడు వంద వాట్ల బల్బులు వెలిగించుకుని కూర్చున్నట్టు. మామూలు సైకిలు మీద ఎదురుగాలి ఆ వేడిని లాక్కుపోతుంది. ఇక్కడ ఏ గాలిని తప్పించుకోవాలని ఇంత కష్టపడ్డారో, ఆ గాలే కావాలి. నెవాడాలోని బాటిల్ మౌంటెన్ కూడా మనలాంటి ఎండు పీఠభూమే. 2016లో అక్కడ గంటకు 144 కిలోమీటర్ల వేగంతో వెళ్ళిన 'ఈటా' అనే తొక్కుడు బండి నిండా మూసిన గూడే. అయితే అక్కడ పరుగు కొద్ది నిమిషాలే. తాడిపత్రి దాకా వెళ్ళొచ్చే మాట కాదు.

కాబట్టి పాఠం సవరించక తప్పదు. 'గూటిలో' అన్నది డచ్చి ప్రతి. అనంతపురం ప్రతిలో 'గూటి నీడన' అని ఉండాలి: నెత్తిన తెల్లటి కప్పు, ముక్కున గాలి దూరే కంత, భుజాల పక్కన తెరపి, వెనక వేడి పోవడానికి వెడల్పాటి నోరు. పక్కలు తెరవడానికి మరో కారణం ఆషాఢం. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే గాలే, తేలికబండి పక్కను తగిలితే రోడ్డు మధ్యకు నెడుతుంది.

తొక్కవలెను = విధ్యర్థకం. 'నడపవలెను' అనకపోవడం గమనార్హం. తొక్కే బండికి లైసెన్సు లేదు, రిజిస్ట్రేషను లేదు. పెనుకొండ వైపు ఎక్కుళ్ళకు భయపడి మోటారు బిగిస్తే 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు, బ్యాటరీ కాక 60 కిలోల లోపు బరువు. ఇవి దాటితే క్రియాపదం మారుతుంది, మోటారు వాహనాల చట్టం వర్తిస్తుంది. ఏ బండికైనా జెండా కర్ర మాత్రం కట్టుకోవాలి. 44వ నంబరు రహదారి మీద లారీ డ్రైవరు చూపు ఈ బండి నెత్తి మీదుగా వెళ్ళిపోతుంది.

విశేషాంశం: మూలం పల్లేరు కాయల ఊసెత్తలేదు. వాన లేని నేల మీద అవి నిక్షేపంగా పండుతాయి. గూట్లోని చక్రం పంచరైతే అద్దం, హారను, నీళ్ళ బాటిలు విప్పి, బండిని పక్కకు పడుకోబెట్టి, తల లోపల దూర్చాలి. బయట కనిపించేది రెండు కాళ్ళే. దారిన పోయే పెద్దాయన సైకిలు దిగి, స్టాండు వేసి, వంగి అడుగుతాడు: "లోపల ఎవురన్నా ఉండారా సామీ?"