కృష్ణుల సారు

బాలాపూరు పేరు చెప్పగానే లోకులకు జ్ఞప్తికి వచ్చునది వినాయకుని లడ్డు. 1994లో 450 రూపాయలకు వేలమున పోయిన ఆ లడ్డు 2024 నాటికి 30 లక్షలు దాటినదన్న సంగతి అచ్చటి పసిపిల్లలకును కంఠస్థమే. ఏ యేట ఎవరు దక్కించుకొనిరి, అంతకు ముందటి యేటికంటె ఎంత హెచ్చినది, ఎవరు ఏ అంకెయొద్ద వెనుకకు తగ్గిరి అను చర్చ చాయ్ హోటళ్లయొద్ద ఏడాది పొడవునను సాగుచుండును. ఇంతగా పోలికలు మరిగిన యూర, కొత్తగా లేచిన అపార్టుమెంటొకదాని రెండవ అంతస్తున కాపురముండు విశ్రాంతోపాధ్యాయుడొకడు లడ్డుల జోలికి పోక కృష్ణులను పోల్చుకొనుచు ప్రొద్దు పుచ్చుట ఆశ్చర్యకరము కాదు. గుమ్మము ప్రక్కని పలకపై ఆయన అసలు పేరు చక్కగా చెక్కబడియే యున్నను, గల్లీలోని పిల్లలకు మాత్రము ఆయన కృష్ణుల సారు. ఇట్టివారు దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని వనస్థలిపురము దాక కాలనీకి ఒక్కరైనను ఉందురు; ఒకచోట కృష్ణుడు, వేఱొకచోట హరిశ్చంద్రుడు, అంతియే భేదము.

తిరుపతి వేంకట కవుల పాండవ నాటకములలోని శ్రీకృష్ణుని పద్యములను ఎవరెవరు పాడిరో వారందఱును సారుగారి బీరువాలో కొలువుదీరియున్నారు. బందా కనకలింగేశ్వరరావు, ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, అబ్బూరి వరప్రసాదరావు మొదలగు మహానుభావులు కొందఱు ప్లేట్లపై, కొందఱు క్యాసెట్లలో, మిగిలినవారు పెన్‌డ్రైవులలో, ఎవరికి వారే కిరీటము ధరించి వేచియుందురు. క్రింది వరుసలో స్థలము చాలక దుర్యోధనుడైన మాధవపెద్ది వెంకటరామయ్య పాత దినపత్రికల నడుమ సర్దుకొనవలసి వచ్చినది.

నెల మొదట మెయింటెనెన్సు డబ్బులకై వచ్చు అసోసియేషను కోశాధికారికి ఈ కొలువులో దర్శనము తప్పదు. "కూర్చోండి, ఒక్క నిమిషం," అని సారు ప్లేటు పెట్టును. పద్యము మొదటి పాదము దాటకమున్నే ఆయన చూపుడువ్రేలు లేచును, పాట ఆగును.

"విన్నరా? ఇక్కడ ఊపిరి తీసుకున్నడు. ఇప్పుడు రెండో ఆయనను వినండి. ఆయన ఇక్కడ తీసుకోడు, ముందర మాట దాటినంక తీసుకుంటడు."

"బాగుంది సార్. ఆ మెయింటెనెన్సు..."

"అదే చెప్తున్న. మూడో ఆయన అసలు ఊపిరే తీసుకోడు!"

కోశాధికారి మాత్రము దీర్ఘముగా నొక ఊపిరి తీసుకొని, డబ్బు మాట మఱచి, మెట్లు దిగి పోవును. లోపలినుండి సారుగారి భార్య, "మీ కృష్ణుడు ఇంక హస్తినకు చేరలేదా? అన్నం సల్లారిపోతున్నది," అని హెచ్చరించును. ఆమె ప్రశ్నలో వ్యంగ్యముకంటె సత్యమే హెచ్చు. ఏ పద్యమును నాలుగవ పాదము దాక పోనిచ్చిన పాపమున సారు ఎన్నడును పోలేదు గనుక, ఆ యింట రాయబారము నేటికిని ముగియలేదు. రాయబారము ముగియలేదు గనుక కురుక్షేత్రమును జరుగలేదు. సాక్షాత్తు భగవంతుడు సాధింపలేకపోయిన సంధిని ఒక విశ్రాంతోపాధ్యాయుడు కేవలము ప్లేట్లు మార్చి సాధించుట సామాన్యమైన విషయము కాదు.

అయినను ఈ వ్యసనమునకు సారు ఒక్కడే బాధ్యుడని తీర్పు చెప్పుట ధర్మము కాదు. కాంట్రాక్టు నాటకముల కాలమున ఒకే రాత్రి పడక సీనుకొక కృష్ణుడును, రాయబారమునకు మఱియొక కృష్ణుడును దిగెడివారు. ముగ్గురు కృష్ణులున్నచో కరపత్రముపై ఆ సంగతియే పెద్ద అక్షరములతో పడెడిది. జనము తెల్లవారుదాక కూర్చుండి, ఎవరికెన్ని వన్స్‌మోర్లు పడినవో లెక్కించుకొనుచు, ఆ తగవుతోనే బండ్లెక్కి ఊళ్లకు మరలెడివారు. మేనమామ భుజముపై నిదురించుచు మెలకువ వచ్చినపుడెల్ల ఒక్కొక్క కృష్ణుని చూచిన నల్లగొండ పల్లెటూరి పిల్లవాడు, పెద్దవాడై ఎల్బీనగరు ప్రాంతమున స్థిరపడిన పిమ్మట, ఒక్క కృష్ణునితో తృప్తి చెందుట యెట్లు?

సారుగారి శాస్త్రమున నిజమైన సూక్ష్మములును లేకపోలేదు. పది అంగుళముల ప్లేటు ఒక ప్రక్క మూడు నిమిషములకు మించి పెద్దగా పట్టదు. రంగస్థలముపై ఒక్క రాగమునకే అంతకు ఇబ్బడి కాలము తీసికొను నటుడు, రికార్డింగు గదిలో గడియారమునకు లొంగి, ఇచ్చట నొక సంగతిని, అచ్చట నొక గమకమును కోసివేసి, ఎట్లో పద్యమును ఒడ్డున పడవేసెడివాడు. కావున ప్లేటుపై మిగిలినది ఆ నటుడు చావనైన చచ్చును గాని వదలుకొననన్నదియే యని సారుగారి సిద్ధాంతము; ఇందులో తోసిపుచ్చదగినది నాకేమియు కనబడలేదు. శ్రుతి విషయమున మాత్రము ఆయన కొంత తొందరపడును. కీ యిచ్చు గ్రామఫోనున స్ప్రింగు సడలుకొలది ప్లేటు మెల్లగా తిరుగును, శ్రుతి దిగును. చరణాంతమున ఈ కృష్ణుడు విషాదమున మునిగెనని సారు కన్నులు తుడుచుకొనిన సందర్భములలో కొన్నిటియందు కీ యిచ్చుట మఱచిన మనుమడే ఆ విషాదమునకు కర్త. ఘంటసాల పాడిన రాయబార పద్యములను గూర్చి సారుగారి తీర్పు ఒక్క వాక్యము: "గొంతుల లోపం లేదు, మొఖానికి రంగు లేదు."

ఈ జాతి తెలుగునేలకే పరిమితమనుకొనరాదు. లండనున ఉద్యోగము చేయు మేనల్లుడొకడు, మామయ్య రుచి నెఱిగినవాడై, బెంజమిన్ బ్రిటన్ కూర్చిన 'పీటర్ గ్రైమ్స్' అను ఇంగ్లీషు సంగీతనాటకపు రికార్డులు రెండు తెచ్చియిచ్చెను. 1945 జూన్‌లో లండన్ శాడ్లర్స్ వెల్స్ నాటకశాలలో తొలిసారి ఆడిన ఆ నాటకమున నాయకుడు సముద్రతీరపు టూరి బెస్త. పనికి కుదిరిన బాలుడు చనిపోగా ఊరంతయు ఆతనిపై వేలెత్తి చూపును. 1958లో బ్రిటన్ తానే వాద్యబృందమును నడుపగా పీటర్ పియర్స్ పాడినది ఒకటి. 1978లో, బ్రిటన్ గతించిన పిమ్మట, కాలిన్ డేవిస్ నడుపగా కెనడావాడైన జాన్ విక్కర్స్ పాడినది రెండవది. పియర్స్ బెస్త లోలోపల కుములువాడు, విక్కర్స్ బెస్త మీదపడి కొట్టువాడు; ఇందులో ఎవడు అసలైన గ్రైమ్స్ అను వివాదము ఆ దేశపు రసికులలో నేటికిని చల్లారలేదు. సారు కొన్ని రాత్రులు ఈ రెంటిని మార్చి మార్చి విని, కథ సగమైనను తెలియకున్నను, "పియర్స్ మన పీసపాటి, విక్కర్స్ మన వేమూరి గగ్గయ్య," అని తేల్చివేసెను. యమధర్మరాజు వేషమున గగ్గయ్య గర్జన విన్నవారెవ్వరును ఈ తీర్పును తేలికగా కొట్టివేయజాలరు.

ఐతే ఇంగ్లీషు రసికునికంటె మన సారు పక్షముననే న్యాయము హెచ్చని నా యభిప్రాయము. అచ్చట స్వరకర్త ప్రతి స్వరమును, ప్రతి విరామమును కాగితముపై బిగించియుంచెను. సందేహము వచ్చినచో పుస్తకము విప్పి చూచుకొనవచ్చును. మన పద్యమునకు కవి యిచ్చినది ఛందస్సు మాత్రమే. ఏ రాగమున ఎత్తుకొనవలెను, ఎచ్చట విఱువవలెను, ఏ మాటపై నిలువవలెను అనునదంతయు నటుని చిత్తము, ఆనాటి హార్మోనిస్టు ఉత్సాహము, ముందు వరుసలోని జనుల చప్పట్లు. ప్లేటు పగిలినచో ఆ వరుస పోయినదే. సారుగారి బీరువా ఎగతాళికి పాత్రమే గాని, ఆ వరుసలకు అదియే గ్రంథాలయము.

ఆయన నిజముగా చిక్కుపడినది వినాయక నవరాత్రులలో. గల్లీ మండపమునకు పెన్‌డ్రైవు పట్టుకొని పోయి, "దీంట్ల పదకొండు ఉన్నయి, పెట్టు బాబూ," అనెను.

"పదకొండు పాటలా సార్?"

"ఒకటే పద్యం. పదకొండు మంది."

మైకు చూచుకొను కుఱ్ఱవాడు మర్యాదస్థుడు. "అన్ని పెడితే మా డీజే అన్న కొడ్తడు సార్. ఒక్కటి పెడ్త. మంచిది ఏదో మీరే చెప్పుండ్రి," అనెను.

జీవితకాలమున ఎవ్వరును అడుగని ప్రశ్న యది. సారు నోరు తెఱచి మూసికొనెను. ఒకరి ఎత్తుగడ, వేఱొకరి రాగము, ఇంకొకరి మాట తీరు ఆయనకు తెలియును. ఒక్కని పేరు చెప్పినచో తక్కిన పదుగురును బీరువాలో అలుగుదురు. తుదకు పెన్‌డ్రైవు జేబులో వేసికొని, మైకు తానే అందుకొని, గొంతు సవరించి పద్యమెత్తెను. ఎత్తుగడ బందావారిది, రాగము రఘురామయ్యది, మాట విఱుపు పీసపాటిది, ముగింపు షణ్ముఖిది. నాలుగు పాదములును పూర్తియైనవి. ప్రసాదమునకై వచ్చిన స్త్రీలు నిలిచిపోయిరి, లడ్డు వేలము మాటలాడుకొను పెద్దలు ఆ మాట ఆపిరి, వెనుకనుండి ఎవరో "వన్స్‌మోర్ సార్!" అని కేకవేసిరి.

కుఱ్ఱవాడు దీనినంతయు ఫోనులో పట్టి సారుకు వినిపించెను. ఆయన చెవి యొగ్గి శ్రద్ధగా వినుచు, రెండవ పాదము నడుమ అలవాటు చొప్పున వ్రేలెత్తి ఆపించి, "ఇంకోసారి పాడ్త, అది గూడ పట్టు. ఒక్కటే ఉంటే దేంతోని పోల్చాలె?" అనెను.